«నాఁటి కిప్పుడే»: దాశరథీ శతక పద్యం మీద చర్చ

మధిర నుంచి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా తాతయ్య తొంభై మూడేళ్లు బతికి పోయిన మాఘంలో కాలం చేశారు. సంవత్సరీకానికి ఇంటి మట్టుకు ఒక చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాం. మొదటి పేజీలో ఆయన రోజూ చదివిన పద్యం పెట్టాలని నా కోరిక. ఆయనది కిరాణా కొట్టు. పొద్దున్నే తలుపు తీసి, వాకిట్లో నీళ్లు చల్లి, తక్కెడకు దణ్ణం పెట్టుకుని ఈ పద్యం చదివితేగానీ మొదటి బేరం ముట్టేవారు కాదు.

ముప్పునఁ గాలకింకరులు ముంగిట వచ్చినవేళ రోగముల్
గొప్పరమైనచోఁ గఫము కుత్తుక నిండినవేళ బాంధవుల్
గప్పినవేళ మీ స్మరణ గల్గునొ గల్గదొ నాఁటి కిప్పుడే
తప్పక చేతు మీ భజన దాశరథీ కరుణాపయోనిధీ

రెండు సందేహాలు. ఒకటి, «ముప్పున» అంటే ఆపదలో అనేనా? రెండోది ఇంట్లో వచ్చిన పేచీ. చివరి రెండేళ్లూ తాతయ్యకు మతి సరిగా లేదు. నన్ను ఎప్పుడో పోయిన వాళ్ల చెల్లెలి పేరుతో పిలిచేవారు. ఆఖరి రోజు తులసి తీర్థం పోస్తూ అందరూ «రామా అనండి, రామా అనండి» అని ఒకటే గోల. ఆయన కళ్లు తెరిచి, «కొట్టు తాళం వేశారా?» అన్నారు. అంతే, మళ్లీ మాట లేదు. మా పెద్దత్తయ్యకు ఆ బెంగ ఇప్పటికీ తీరలేదు. జన్మంతా రామకోటి రాసినాయన నోట చివరికి తాళం మాట వచ్చిందే అని. ఆ పద్యం అచ్చువేస్తే ఆయన్ని ఎత్తిపొడిచినట్టుంటుంది, వద్దంటోంది. పద్యం నిజంగా అలా చెబుతోందా?

తెనాలి నుంచి:

ముందు ముప్పు సంగతి. ఇప్పుడు మనకు ముప్పంటే ఆపదే. పేపర్లో తుపాను ముప్పు, వరద ముప్పు. పాత తెలుగులో ముసలితనానికి కూడా అదే మాట. బ్రౌన్ నిఘంటువులో రెండర్థాలూ ఉన్నాయి. తమిళంలో వార్ధక్యాన్ని ఇప్పటికీ మూప్పు అంటారు. ఇక్కడ కుదిరేది ముసలితనమే. ముసలితనంలో యమభటులు వాకిట్లోకి వచ్చినప్పుడు, రోగాలు ముదిరినప్పుడు, గొంతులో కఫం నిండినప్పుడు, చుట్టాలు చుట్టూ మూగినప్పుడు అని వరుస. ఆపద అనుకుంటే ఆ వరుసకు మొదలే ఉండదు.

«గప్పినవేళ»లో గకారం చూసి కంగారు పడొద్దు. అది కప్పిన వేళే. ప్రథమ మీది పరుషాలకు గసడదవలు వస్తాయి కదా, అంటే ప్రథమా విభక్తి మాట తర్వాత క చ ట త పలు గ స డ ద వలుగా మారతాయి. «బాంధవుల్» ప్రథమ. «స్మరణ గల్గునొ» కూడా అంతే. కప్పడమంటే ఇక్కడ గుడ్డ కప్పడం కాదు, కమ్ముకోవడం. నలుగురూ మీదికి వంగి ఊపిరాడనివ్వకపోవడం. మీరు చెప్పిన «రామా అనండి» గోల ఈ మాటలో ఉండనే ఉంది.

వరంగల్ నుంచి:

తాళం మాటకు బాధెందుకో నాకర్థం కాలేదు. డెబ్బై ఏండ్లు కొట్టు నడిపిన మనిషికి అది యాదికి రాకపోతేనే ఆశ్చర్యం. కానీ అత్తయ్యగారి బెంగ వెనుక గీత ఉన్నది, దాన్ని తీసిపారేయలేం. ఎనిమిదో అధ్యాయంలో «యం యం వాపి స్మరన్ భావం త్యజత్యంతే కలేవరమ్» అని. ఏది తలుస్తూ దేహం వదిలితే దాన్నే పొందుతాడని. మన పెద్దలు మంచం పక్కన కూర్చుని నామం అనిపించేది అందుకే. అజామిళుడి కథ కూడా ఉండె కదా. కొడుకును పిలిచినా నారాయణ నామం నోట వచ్చింది, గట్టెక్కిండు.

తెనాలి నుంచి:

అదే శ్లోకం చివర «సదా తద్భావభావితః» అని కూడా ఉంది. ఆ తర్వాతి శ్లోకంలో «తస్మాత్ సర్వేషు కాలేషు మామనుస్మర యుధ్య చ». ఎల్లవేళలా నన్ను తలుచుకో, యుద్ధమూ చెయ్యి అని. అర్జునుడి పని యుద్ధం. కిరాణా వ్యాపారి పని ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.

అయినా అడిగింది గీత గురించి కాదు, ఈ శతకం రాసిన గోపన్న, అదే భక్త రామదాసు, పద్యం గురించి. అది ఏం చెబుతోందో «నాఁటి కిప్పుడే» దగ్గర ఆగి చూడండి. రేపటికి అంటే రేపటి కోసం అనీ అవుతుంది, రేపటిలోగా అనీ అవుతుంది. ఇక్కడ «కోసం» అనే అర్థమే బలం. ఆ రోజుకు కావలసిన స్మరణను ఈ రోజే చేసేస్తున్నాను అంటున్నాడు. «గల్గునొ గల్గదొ» అన్నవాడు ఆనాడు కలుగుతుందని ఎక్కడా హామీ ఇవ్వలేదు. కలగకపోవచ్చని ఒప్పుకున్నాక కట్టిన పద్యమిది. వ్యాపారి నోట ఇది ఎలా పలికి ఉంటుందో ఊహించుకోగలను. చేతిలో ఉన్నప్పుడే ఖాతాలో జమ వేయించుకోవడం.

తిరుపతి నుంచి:

ఈ భావం గోపన్నతో మొదలవలేదండీ. కులశేఖరుల ముకుందమాల అనే సంస్కృత స్తోత్రంలో «ప్రాణప్రయాణసమయే కఫవాతపిత్తైః కంఠావరోధనవిధౌ స్మరణం కుతస్తే» అని ఉంది. ప్రాణం పోయేటప్పుడు కఫవాతపిత్తాలు గొంతుకు అడ్డుపడితే నీ స్మరణ ఎక్కడిది, కాబట్టి «అద్యైవ», ఇవాళే నా మనసనే హంస నీ పాదపద్మాల్లో చేరాలి అని. కఫం, కుత్తుక, ఇప్పుడే, మూడూ అక్కడున్నాయి.

తమిళ వైష్ణవ భక్తకవి పెరియాళ్వార్ పాశురం, అంటే పద్యం, ఇంకా దగ్గర. అప్పుడు నిన్ను తలవలేను అని చెప్పి, «అప్పోదైక్కు ఇప్పోదే సొల్లివైత్తేన్» అంటారు, శ్రీరంగనాథుడితో. అప్పటికి ఇప్పుడే చెప్పి ఉంచాను అని. «నాఁటి కిప్పుడే» అచ్చంగా అదే. తమాషా ఏమిటంటే ఆ పాశురానికి ప్రాస కూడా ప్పకారమే: తుప్పు, ఒప్పి, ఎయ్ప్పు, అప్పోదు. ఇక్కడ ముప్పు, గొప్ప, గప్పి, తప్ప. గోపన్న ఆ పాశురం విన్నాడని నేననను. కానీ చదివినప్పుడల్లా ఆ ప్పకారాలు ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నట్టే ఉంటాయి.

అత్తయ్యగారికి మాత్రం ఇంకో శ్లోకం చదివి వినిపించండి. వరాహ చరమ శ్లోకమని మా ఇళ్లలో పిల్లలకు కూడా నేర్పుతారు. మనసు, ఒళ్లు స్వస్థంగా ఉన్నప్పుడు నన్ను తలిచినవాడు చివరికి కట్టెలా రాయిలా పడి ఉంటే,
«తతస్తం మ్రియమాణం తు కాష్ఠపాషాణసన్నిభమ్
అహం స్మరామి మద్భక్తం నయామి పరమాం గతిమ్».
«అహం స్మరామి», వాణ్ణి నేను తలుచుకుంటాను అంటాడు స్వామి. స్మరణ చేసే పని భక్తుడి దగ్గర్నుంచి స్వామి మీదికి మారిపోయింది. మతి పోయినవారికి ఇంతకంటే ఏం కావాలి?

డాలస్ నుంచి:

నాకు వ్యాకరణం అంత రాదు, ఛందస్సు మాత్రం పిచ్చి. «తప్పక» గురించి ఒక్క మాట. శతకం మకుటం «దాశరథీ కరుణాపయోనిధీ» పదకొండు అక్షరాలు. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర, చంపకమాలలో పదకొండో అక్షరం దగ్గర సరిగ్గా యతిస్థానంలో పడుతుంది. అంటే ప్రతి పద్యానికీ నాలుగో పాదం మొదటి అక్షరం «దా»తో యతి కుదరాలి, తవర్గం వైపే చూడాలి. ఈ పద్యంలో దాని పక్కనే ప్రాసకు ప్ప కావాలి. ఇంత ఇరుకు సందులో దొరికిన మాట «తప్పక». పూరణకు వేసిన మాటనిపించదు. «గల్గునొ గల్గదొ» అన్న ఊగిసలాటకు జవాబు అదే.

మధిర నుంచి:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రాత్రి అత్తయ్యకు తిరుపతివారు చెప్పిన శ్లోకం చదివి వినిపించాను. విని, «మరి పద్యం పక్కనే అదీ వెయ్యండి, లేకపోతే చదివినవాళ్లకెలా తెలుస్తుంది» అంది. ఒప్పుకున్నట్టే.

ఇంతకు ముందు చెప్పడం మరిచాను. మా ఊరి నుంచి నవమికి భద్రాచలం వెళ్లాలంటే డోర్నకల్‌లో రైలు మారి భద్రాచలం రోడ్‌లో దిగేవారు. పేరుకు భద్రాచలం రోడ్, ఊరు కొత్తగూడెం. అక్కణ్ణుంచి బస్సు. కొత్తవాళ్లెవరైనా రైలు దిగి గుడి ఎక్కడని అడిగితే, తాతయ్య నవ్వి ఈ పద్యం అందుకుని వాళ్లను కూడా బస్సెక్కించేవారట. నేలకొండపల్లి మా జిల్లాదే కాబట్టి గోపన్నను ఆయన బంధువులాగే మాట్లాడేవారు. «మన గోపన్న జైల్లో ఉండి కూడా» అని మొదలుపెడితే ఇక గోల్కొండ కథంతా అయ్యేదాకా పప్పు పొట్లం కట్టేవారు కాదు.

ఇక అచ్చు సంగతి. ప్రెస్సతను అరసున్నలు తీసేస్తానంటున్నాడు, ఫాంటులో సరిగా పడట్లేదట. «నాటికిప్పుడే» అని కలిపేస్తే ఫర్వాలేదా?

తెనాలి నుంచి:

అరసున్న తీసినా కొంప మునగదు. కలపడం మాత్రం వద్దు, «నాటి కిప్పుడే» అని విడిగానే ఉంచమనండి. పాదాలు నాలుగూ నాలుగు వరుసల్లోనే రావాలి. చోటు చాలకపోతే అక్షరం చిన్నది చెయ్యమనండి గానీ «దాశరథీ»ని విరిచి కింది వరుసకు దింపనివ్వకండి. ప్రూఫు ఒకసారి ఇక్కడ పెట్టండి, చూస్తాం.