సెలవు రోజు ఇంట్లో రాసిన స్క్రిప్ట్ ఎవరిది? రిజైన్ చేస్తున్నాను

వీకెండ్_కోడర్:
గచ్చిబౌలిలో సపోర్ట్ ప్రాజెక్టులో ఉన్నాను. నైట్ షిఫ్టులు ఎవరికి వేయాలో తేలక మా మేనేజర్ నెలనెలా ఎక్సెల్‌తో కుస్తీ పట్టేవారు. చూడలేక శని, ఆదివారాల్లో ఇంట్లో, నా సొంత లాప్‌టాప్‌లో పైథాన్ స్క్రిప్ట్ రాసిచ్చాను. ఇప్పుడు నాలుగు టీములు అదే వాడుతున్నాయి. వచ్చే నెల మానేస్తున్నా. వెంట తీసుకెళ్లొచ్చా? అందరూ కోడ్ చూసేలా గిట్‌హబ్‌ సైట్‌లో పెట్టొచ్చా?

కూకట్‌పల్లి_కుర్రోడు:
బ్రో, ఆఫీస్ మెయిల్ నుంచి జీమెయిల్‌కి మాత్రం పంపుకోకు. నేను పంపుకున్నా. నలభై లైన్లు, అదీ నా సొంత నోట్స్. మర్నాడు పదకొండింటికి హెచ్‌ఆర్, సెక్యూరిటీ గార్డు నా సీటు దగ్గరికొచ్చారు. కాఫీ మగ్గు కూడా తీసుకోనివ్వలేదు.

డల్లాస్_బాబాయ్:
సొంత టైం, సొంత మెషిన్. ఇంకేం, కోడ్ నీదే. కాలిఫోర్నియా కార్మిక చట్టం, అదే లేబర్ కోడ్, సెక్షన్ 2870 చదువుకో.

సెక్షన్_సుబ్బారావు:
ఆయన ఉండేది గచ్చిబౌలిలో, తమరు ఉండేది టెక్సస్‌లో. మధ్యలో కాలిఫోర్నియా ఎందుకండీ? మన 1957 కాపీరైట్ చట్టం లెక్కలో ప్రోగ్రాం కూడా సాహిత్య రచనే. సెక్షన్ 17(సి): ఉద్యోగంలో భాగంగా రాసినది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. అందులో లాప్‌టాప్ ఊసే లేదు.

డల్లాస్_బాబాయ్:
22 ఏళ్లుగా ఇదే ఫీల్డు. నాకు సెక్షన్లు చెప్పకు.

సెక్షన్_సుబ్బారావు:
ఆ 2870 అయినా చివరిదాకా చదివారా? కంపెనీ వ్యాపారానికి సంబంధించినదైతే సొంత మెషిన్ మీద రాసినా అది కాపాడదు.

కోబాల్_తాత:
వైటుకే రోజుల్లో, అంటే 2000 సంవత్సరం వచ్చే ముందు, రాసిన బ్యాచ్ ప్రోగ్రాం ఇప్పటికీ నడుస్తోంది. పైన కామెంట్లో నా పేరుండేది. ఎవడో కుర్రాడు 'క్లీనప్' అని పీకేశాడట. కోడ్ వాళ్లదే, కాదనను. పేరు ఏం అడ్డమొచ్చింది?

గుంటూరు_ఫ్రీలాన్సర్:
ఉద్యోగులకు నెలనెలా జీతమైనా పడుతుంది. నేను ఒక మిర్చి కమీషన్ కొట్టుకి తక్‌పట్టీలు (రైతుకిచ్చే లెక్క చీటీలు) ప్రింటయ్యే బిల్లింగ్ ప్రోగ్రాం రాశాను. సగం డబ్బు ఎగ్గొట్టి, సోర్స్ కోడ్ ఇవ్వమని కూర్చున్నారు. ఇచ్చేశాను, నా బుద్ధి తక్కువ. ఫ్రీలాన్సర్ రాసింది ఫ్రీలాన్సర్‌దే, సంతకం పెట్టి రాసిస్తే తప్ప. ఆ కాగితంలో గడువు లేకపోతే ఐదేళ్లే చెల్లుతుంది. ఇదంతా తర్వాత తెలిసింది.

కూకట్‌పల్లి_కుర్రోడు:
అక్కా, మిగతా సగం వచ్చిందా?

గుంటూరు_ఫ్రీలాన్సర్:
ఒక బస్తా మిరపకాయలు పంపారు.

బెంచ్_మీద_బాలు:
అసలు వీకెండ్_కోడర్ ఉద్యోగం టికెట్లు, అంటే వచ్చిన ఫిర్యాదులు, క్లోజ్ చేయడం. షిఫ్టుల పట్టీ వేయడం మేనేజర్ పని. అది 'ఉద్యోగంలో భాగం' ఎలా అవుతుంది?

సెక్షన్_సుబ్బారావు:
వాదించాల్సింది అక్కడ. ఇందాకటినుంచి లాప్‌టాప్ పట్టుకుని వేలాడుతున్నారు.

డల్లాస్_బాబాయ్:
వేలాడేది ఎవరో అందరికీ కనిపిస్తోంది. లాయర్‌వా నువ్వు?

సెక్షన్_సుబ్బారావు:
కాదు. మూడేళ్లు కేసు నడిపినవాణ్ణి. ఓడిపోయినవాణ్ణి.

వీకెండ్_కోడర్:
ఆఫర్ లెటర్ దొరికింది. 'ఉద్యోగ కాలంలో, పనివేళల్లో గానీ వెలుపల గానీ, సంస్థ పనికి సంబంధించి రూపొందించిన సమస్తం' అని ఉంది. కింద నా సంతకం. పైగా స్క్రిప్ట్‌లో మా టీమ్ అందరి పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి, గిట్‌హబ్‌లో ఎలా పెడతాను? గిట్‌హబ్ గురించి అడిగితే ఒక్కరూ పలకలేదు.

బెంచ్_మీద_బాలు:
నోటీస్ పీరియడ్ 90 రోజులా? బయౌట్ (నోటీస్ రోజులకు బదులు డబ్బు) ఇస్తున్నారా?