72 షెవీ సీ10: 402 బిగ్‌బ్లాక్‌ను బాగుచేయించాలా, దించేసి ఎల్‌ఎస్ వేయాలా?

ఫ్రిస్కో_శీను:
అందరికీ నమస్తే. ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్న పాత ట్రక్కు మొత్తానికి కొన్నాను. 1972 షెవర్లే సీ10, షెయెన్ మోడల్, లాంగ్ బెడ్ (వెనక పొడుగు తొట్టి). పశ్చిమ టెక్సస్‌లోనే తిరిగిన బండి కాబట్టి తుప్పు తక్కువ. క్యాబిన్ వెనక మూలలు, కుడి తలుపు కింద రాకర్ ప్యానెల్, అంతే. ఎడమ మూలలో అయస్కాంతం అతుక్కోలేదు, అంటే లోపల లప్పం. అది టింకరింగ్‌తో పోతుంది.

అసలు తలనొప్పి ఇంజనుతో. 402 క్యూబిక్ అంగుళాల బిగ్‌బ్లాక్ (షెవర్లే పెద్ద సైజు వీ8), మూడు గేర్ల టర్బో 400 ఆటోమేటిక్ గేర్‌బాక్సు, వెనక ఇరుసులో క్రౌను గేరు నిష్పత్తి 3.73. స్టార్ట్ చేయగానే నీలం పొగ. కంప్రెషన్ చూస్తే 3, 5 సిలిండర్లు బాగా పడిపోయాయి, మిగతావి పర్లేదు. ఒక షాపులో పూర్తి రీబిల్డ్ అన్నారు. తెలిసినాయన ఒకరు "ఆ ముసలి ఇనుము మీద డబ్బు తగలేయకు, 5.3 ఎల్‌ఎస్ వేసెయ్" అంటున్నాడు, అంటే జీఎం వాళ్ల కొత్త తరం 5.3 లీటర్ల వీ8. నాకు రేసులు అక్కర్లేదు. వారాంతం పిల్లల్ని తిప్పాలి, అప్పుడప్పుడు ఆస్టిన్ వెళ్లి రావాలి, జులైలో ఏసీ పనిచేయాలి. ఏం చేయమంటారు?

హ్యూస్టన్_చందు:
ఎల్‌ఎస్. ఇందులో చర్చేముంది? 1999 నుంచి సిల్వరాడోల్లో 5.3 వచ్చింది, ఏ జంక్‌యార్డుకి వెళ్లినా దొరుకుతుంది. ఇనప బ్లాకుదైనా బిగ్‌బ్లాక్ కంటే వంద పౌండ్లకు పైగా తేలిక. ముందు చక్రాల మీద ఆ బరువు తగ్గితే బండి తిరిగే తీరే వేరు. 28 అంగుళాల టైర్లు అనుకుంటే నీ 3.73 క్రౌనుతో 70 మైళ్ల వేగంలో ఇంజను 3100 ఆర్‌పీఎం దగ్గర అరుస్తుంటుంది. 4ఎల్60ఈ గేర్‌బాక్సులో నాలుగో గేరు 0.70, దాంతో 2200కి దిగుతుంది. ఆస్టిన్ దాకా పక్కవాళ్లతో మాట్లాడుకుంటూ వెళ్లొచ్చు. చలికాలం కార్బురేటర్ చోక్‌తో కుస్తీ ఉండదు. టెక్సస్‌లో 24 ఏళ్లు దాటిన బండికి ఎమిషన్ టెస్టు కూడా లేదు, ఏ ఇంజను వేసినా అడిగేవాడు లేడు.

పాతబండి_ప్రసాద్:
శీను గారూ, ఒక్క బోల్టు కూడా విప్పకముందు గ్లోవ్‌బాక్స్ తెరవండి. లోపల కాగితం స్టిక్కర్ ఉండాలి, ఫ్యాక్టరీలో వేసిన ఆప్షన్లన్నీ అందులో అచ్చయి ఉంటాయి. విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) చూసుకుని మురిసిపోవద్దు. 72లో మూడో అక్షరం ఈ అయితే వీ8 అని మాత్రమే. 307ఓ, 350ఓ, 402ఓ అది చెప్పదు. ఇంజను ముందువైపు, ప్రయాణికుడి పక్క, హెడ్ ముందర బ్లాకు మీద నున్నగా చెక్కిన చోట కోడ్ గుద్ది ఉంటుంది. గ్రీజు తుడిచి ఫోటో పెట్టండి.

ఎక్కడైనా 400 అని కనబడితే కంగారు పడకండి. 1970లో 396కి బోరు (సిలిండరు వ్యాసం) పెంచి 402 చేశారు. కొన్ని బండ్లలో దాన్ని 396 పేరుతోనే అమ్ముతూ, మరికొన్నింట్లో 400 అన్నారు. అదే ఏడాది స్మాల్‌బ్లాక్ (షెవర్లే చిన్న సైజు వీ8) 400 కూడా వచ్చింది! దాని బోరు 4.125 అంగుళాలు, దీనిది 4.126. పార్టుల కౌంటర్లో "షెవీ 400 గాస్కెట్" అని అడిగారంటే వేరే ఇంజనుది చేతిలో పెడతారు.

స్టిక్కర్‌లో బిగ్‌బ్లాక్ ఉంటే దాన్ని దించడం నా దృష్టిలో పాపం. 307తో వచ్చిన బండికి ఎవరో తర్వాత 402 తగిలించి ఉంటే నాకేం అభ్యంతరం లేదు, చందు చెప్పినట్టే చేసుకోండి.

హ్యూస్టన్_చందు:
ప్రసాద్ గారూ, మీరు దాన్ని కార్వెట్ స్పోర్ట్స్ కారులా చూస్తున్నారు. గడ్డిమోపులు మోయడానికి కొన్న ట్రక్కు అది. 71లో కంప్రెషన్ తగ్గించారు, 72లో హార్స్‌పవర్‌ను నెట్ లెక్కలోకి (అన్ని పరికరాలూ బిగించి కొలిచే తక్కువ అంకెలోకి) మార్చారు. ఆ తర్వాతి అంకెలు చూస్తే బిగ్‌బ్లాక్ మోజు సగం దిగుతుంది. అంత ప్రేమ ఉంటే 402ను స్టాండు మీద పెట్టి కప్పేయండి, అమ్మేరోజు బండితో పాటు ఇచ్చేయొచ్చు.

ఎడిసన్_కిరణ్:
చందు అన్నా, నేను 70 సీ10లో 350 తీసి 5.3 వేశాను. బండి బాగుంది, రోజూ నడుపుతున్నా. కానీ చవక అని మాత్రం ఎవరికీ చెప్పను. మొత్తం ఖర్చులో ఇంజనుది చిన్న వాటా. మౌంట్లు, ఆయిల్ పాన్, హెడ్డర్లు (ఎగ్జాస్ట్ గొట్టాలు), వైరింగ్, కంప్యూటర్‌లో యాంటీ థెఫ్ట్ లాక్ తీయించడం, 58 పీఎస్‌ఐ ఒత్తిడి ఇచ్చే పెట్రోలు పంపు, దానికి తగిన ట్యాంకు. సిల్వరాడోలో ఏసీ కంప్రెసర్ కిందుగా ఉంటుంది, సీ10 ఫ్రేముకి తగులుతుంది, కాబట్టి దానికి వేరే బ్రాకెట్. ఇంతా అయ్యాక స్పీడోమీటర్ కదల్లేదు. పాతది కేబుల్‌తో తిరుగుతుంది, 4ఎల్60ఈ ఇచ్చేది ఎలక్ట్రిక్ సిగ్నల్. దానికింకో పెట్టె. శీను గారికి జులైలో ఏసీ కావాలంటే ఈ జులై కాదు, పై జులై అనుకోవాలి.

ఇక స్టాండు మీద కప్పి పెట్టిన ఇంజను మళ్లీ బండెక్కడం నేనెక్కడా చూడలేదు.

ఆటోనగర్_లేత్:
విజయవాడ నుంచి రాస్తున్నా. బిగ్‌బ్లాక్‌ను నేను చేత్తో ముట్టుకోలేదు, లారీ ఇంజన్లకి బోరు కొట్టడం మా పని. అయినా మీరు అసలు విషయం వదిలేసి దెబ్బలాడుకుంటున్నారు. 3, 5 పక్కపక్క సిలిండర్లు కదా? బోరు అరిగిపోతే ఎనిమిదీ కాస్తో కూస్తో అరుగుతాయి. పక్కపక్క రెండే పడ్డాయంటే నాకు ముందు అనుమానం వచ్చేది హెడ్ గాస్కెట్ మీద.

శీను గారూ, ఆ రెండు ప్లగ్గులూ తీసి ఒక్కో చెంచా ఇంజనాయిల్ పోసి మళ్లీ గేజీ పెట్టండి. రీడింగు పైకొస్తే పిస్టన్ రింగులు. కదలకపోతే వాల్వులో, మధ్యలో గాస్కెట్టో. తర్వాత 3లోకి గాలి ఎక్కించి 5 ప్లగ్గు రంధ్రం దగ్గర చెవి పెట్టండి, బుస్సుమంటే ఇంకేం చూడక్కర్లేదు. పొగ కూడా స్టార్టింగ్‌లో ఒకసారి వచ్చి ఆగితే వాల్వు సీళ్లు, యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తే రింగులు. ఇవేవీ చూడకుండా రీబిల్డ్ అన్న షాపుకి దండం పెట్టి వచ్చేయండి.

అట్లాంటా_వేణు:
ఒకవేళ బోరు నిజంగా పోయి ఉంటే మధ్యేమార్గం ఒకటుంది. 1996 నుంచి 2000 దాకా పెద్ద ట్రక్కుల్లో వచ్చిన 454 వోర్టెక్. అదీ బిగ్‌బ్లాకే, రోలర్ క్యామ్‌తో (టాపెట్ల కింద చిన్న చక్రాలుండే రకం) వచ్చింది. పాత క్యామ్‌లకి కావలసిన జింక్ ఎక్కువున్న ఆయిల్, కొత్త క్యామ్ వేసినప్పుడు మొదటి స్టార్టింగ్‌లోనే 2000 ఆర్‌పీఎం పైన ఇరవై నిమిషాలు ఉంచడం, ఈ టెన్షన్లు ఉండవు. రెండు జాగ్రత్తలు. 402కి బ్యాలెన్స్ లోపలే ఉంటుంది, 454కి బయట. కాబట్టి క్రాంక్ రెండు చివర్లా ఉండే డ్యాంపరూ ఫ్లెక్స్‌ప్లేటూ ఆ 454వే వాడాలి, లేకపోతే బండంతా వణుకుతుంది. దానికి మెకానికల్ పెట్రోలు పంపు బిగించే వీలుండదు, ఎలక్ట్రిక్ పంపే గతి.

పాతబండి_ప్రసాద్:
వేణు గారి మాటకి నేను ఒప్పుకుంటా. బానెట్ ఎత్తితే బిగ్‌బ్లాకే కనబడాలి.

కేటీ_లక్ష్మి:
ఇంతమంది రాశారు, పిల్లల్ని తిప్పాలన్న మాట ఒక్కరి చెవికీ ఎక్కలేదు. 72 సీ10లో పెట్రోలు ట్యాంకు ఎక్కడుంటుందో తెలుసా? సీటు వెనక, క్యాబిన్ లోపల. పిల్లల వీపుకీ దానికీ మధ్య సీటు ఒక్కటే అడ్డం. మా 71లో ముందు చేసిన పని ఆ ట్యాంకు తీసేసి బెడ్ కింద, ఫ్రేము మధ్యలో కొత్తది బిగించడం. క్యాబిన్‌లో పెట్రోలు వాసన కూడా పోయింది. తర్వాత భుజం మీదుగా వచ్చే బెల్టులు. అవి బిగించే చోట రేకుకి వెనక గట్టి ప్లేటు వెల్డింగ్ చేయించాలి, ఉత్త రేకుకి బోల్టేస్తే గుద్దుకున్నప్పుడు ఊడొస్తుంది. 71 నుంచి ముందు డిస్క్ బ్రేకులు వచ్చాయి కాబట్టి అక్కడ మీకు కలిసొచ్చింది. వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్‌లు మాత్రం చూసుకోండి.

ఇవయ్యాక ఏ ఇంజనైనా వేసుకోండి. ఇంజను మీద మొత్తం ఖర్చుపెట్టి, బ్రేకు గొట్టాలు 72వే ఉంచేసిన బండ్లు చాలా చూశాను.

ఫ్రిస్కో_శీను:
లక్ష్మి గారూ, ట్యాంకు సంగతి ఇంట్లో చదివి వినిపించాను. పిల్లలు ఎక్కడం అది మారేదాకా బంద్ అని ఆర్డరొచ్చింది.

ఆటోనగర్ అన్నా, మీరు చెప్పినవి చేశాను. ఆయిల్ పోసినా రీడింగు కదల్లేదు. 3లోకి గాలి పెడితే 5లోంచి సైకిల్ ట్యూబు పంక్చరైనట్టు బుస్సుమంది. పొగ కూడా స్టార్టింగ్‌లోనే. గ్లోవ్‌బాక్స్ స్టిక్కర్ సగం చిరిగింది గానీ ఇంజను లైను చదవడానికి వస్తోంది, బిగ్‌బ్లాకే. కాబట్టి హెడ్లు మాత్రం దించుతున్నాను. వాల్వులు, సీళ్లు, గాస్కెట్లు. 402 ఉంటుంది. 3100 ఆర్‌పీఎం గోల గురించి చందు చెప్పింది మాత్రం నిజం, దానికేం చేయాలి?

హ్యూస్టన్_చందు:
4ఎల్80ఈ. నీ టర్బో 400కి ఓవర్‌డ్రైవ్ (ఇంజను వేగం తగ్గించే అదనపు టాప్ గేరు) కలిపి పెంచిన గేర్‌బాక్సే అది, బిగ్‌బ్లాక్ టార్క్‌కి తట్టుకుంటుంది. టాప్ గేరు 0.75, 70 మైళ్లకి 2350 దాకా దిగుతావు. పొడవెక్కువ, క్రాస్‌మెంబర్ జరపాలి, డ్రైవ్‌షాఫ్ట్ కోయించాలి, కంట్రోలర్ విడిగా కొనాలి. ఇంత ఖర్చూ చేస్తూ కార్బురేటర్ మీదే ఉంటానంటావు చూడు, నాకు అర్థం కాదు. కనీసం థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ వెయ్యి. ఎలాగూ ట్యాంకు మారుస్తున్నావు, పంపు లోపల ఉన్నది తీసుకో.

పాతబండి_ప్రసాద్:
ఆ క్వాడ్రాజెట్ కార్బురేటర్‌ని తెలిసినవాడు సర్వీస్ చేస్తే ఇంజెక్షన్ అక్కర్లేదు. సరే, పంపున్న ట్యాంకు తీసుకోవడంలో నష్టం లేదు లెండి.

ఆటోనగర్_లేత్:
హెడ్లు విప్పేటప్పుడు ఒక్క మాట. టాపెట్లు కదిలించకపోతే మంచిది. తీయాల్సొస్తే మాత్రం ఏది ఏ క్యామ్ లోబ్ మీద తిరిగిందో అక్కడికే వెళ్లాలి, కలిసిపోతే క్యామ్ తినేస్తుంది.

పాతబండి_ప్రసాద్:
పుష్‌రాడ్లు కూడా. బిగ్‌బ్లాక్‌లో ఇన్‌టేక్‌వి పొట్టివి, ఎగ్జాస్ట్‌వి పొడుగు. అట్టకి చిల్లులు పెట్టి నంబర్లు రాసి గుచ్చండి. టాపెట్లకి గుడ్ల డబ్బా బాగుంటుంది. 18 గుడ్లది తీసుకోండి, డజనుది చాలదు.