పీహెచ్‌డీ గైడ్‌ను ఎంచుకోవడంలో హెచ్-ఇండెక్స్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: ఎం.ఎస్సీ. విద్యార్థిని, తిరుపతి

పెద్దలందరికీ నమస్కారం. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. తిరుమల ఘాట్‌రోడ్డులో ఎలక్ట్రిక్ బస్సులు తిరగడం మొదలైనప్పటి నుంచి బ్యాటరీ పదార్థాల మీద ఆసక్తి పెరిగి, మెటీరియల్స్ కెమిస్ట్రీలోనే పీహెచ్‌డీ చేయాలని నిర్ణయించుకున్నాను. నన్ను తీసుకోవడానికి ఇద్దరు గైడ్‌లు సుముఖంగా ఉన్నారు. ఒకరికి రకరకాల నానోపదార్థాల మీద వందలాది పత్రాలు, గూగుల్ స్కాలర్‌లో పెద్ద హెచ్-ఇండెక్స్ ఉన్నాయి. మరొకరు ఏళ్ల తరబడి క్యాథోడ్ (బ్యాటరీ ధన ధ్రువం) పదార్థాల మీదే పనిచేస్తున్నారు కానీ పత్రాలు తక్కువ. ఇంట్లోవాళ్లు మొదటివారి దగ్గరే చేరమంటున్నారు. ఒక శాస్త్రవేత్త కృషి ప్రభావాన్ని అసలు ఎలా అంచనా వేయాలో దయచేసి చెప్పగలరా?

జవాబు: విశ్రాంత కెమిస్ట్రీ అధ్యాపకుడు, చిత్తూరు

అమ్మా, ముందు ఆ అంకె ఏం చెబుతుందో చూద్దాం. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన ఈ కొలత ప్రకారం, కనీసం 40 చొప్పున సైటేషన్లు (ఇతరుల పత్రాల్లో ప్రస్తావనలు) వచ్చిన పత్రాలు 40 ఉంటే హెచ్-ఇండెక్స్ 40 అవుతుంది. అది ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుందే గాని తగ్గదు. పదిమంది కలిసి రాసిన పత్రంలో ఎవరి పాలెంతో చెప్పదు.

లిథియం అయాన్ బ్యాటరీకి బాట వేసినవారిలో ఒకరైన జాన్ గుడ్‌ఎనఫ్ జీవితాన్నే తీసుకోండి. 1976లో, 54 ఏళ్ల వయసులో ఆక్స్‌ఫర్డ్‌లో అకర్బన రసాయన ప్రయోగశాల బాధ్యతలు చేపట్టేనాటికి ఆయన ఆక్సైడ్ల అయస్కాంత గుణాలను ఏళ్ల తరబడి శోధించిన మనిషి. విటింగ్‌హామ్ అనే మరో శాస్త్రవేత్త టైటానియం డైసల్ఫైడ్‌తో చేసిన లిథియం బ్యాటరీ అప్పటికి రెండు వోల్టులకు కాస్త పైన ఇస్తుండగా, సల్ఫైడ్ స్థానంలో ఆక్సైడ్ వాడితే వోల్టేజీ పెరగాలని ఆయనకు తోచడానికి ఆ పాత పరిజ్ఞానమే ఆధారమైంది. 1980లో లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ 4 వోల్టులు చూపింది. సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్‌లోకి తెచ్చింది 1991లో. ఆయనకు నోబెల్ వచ్చింది 2019లో, 97వ ఏట. 1985లో కూర్చుని సైటేషన్లు లెక్కపెట్టినవారికి ఆ పని ఎంత దూరం పోతుందో తెలిసే వీలే లేదు. ఒకే తరహా పదార్థాన్ని పట్టుకుని లోతుకు వెళ్లినవారి విషయంలో ఇలా జరగడం సహజం, అందుకే మీ రెండవ గైడ్‌ను తేలికగా తీసేయకండి.

జవాబు: రీసెర్చ్ స్కాలర్, ఏర్పేడు

సార్ చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, పత్రాలు ఎక్కువైతే పని పలచన అనే నిర్ణయానికి రావద్దని మనవి. రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్. రావు గారి పత్రాలు 1500 దాటాయి. అయినా 1976లో బెంగళూరు ఐఐఎస్‌సీలో ఘనస్థితి రసాయన శాస్త్రానికి ఆయన నెలకొల్పిన విభాగం, అక్కడినుంచి తయారైన శిష్యులు ఆ అంకెలకు లోబడనివి.

నా సలహా ఒక్కటే. ఇద్దరివీ చెరి మూడు పత్రాలు తీసుకుని ప్రయోగ విధానం భాగం మాత్రం చదవండి. ఉదాహరణకు క్యాథోడ్ పదార్థమైన లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను ఆర్గాన్ లాంటి జడ వాయువులో కాల్చాలి, గాలి తగిలితే ఇనుము ఫెర్రస్ నుంచి ఫెర్రిక్‌కు మారిపోతుంది. ఏ వాయువు, ఎన్ని డిగ్రీలు, ఎన్ని గంటలు అన్నది రాయని పత్రాన్ని చూసి మరొకరు ఆ పదార్థాన్ని చేయలేరు. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాలతో పదార్థ నిర్మాణాన్ని చూసే పరీక్ష) పటంలో అక్కర్లేని పీక్ ఒకటి కనిపిస్తే దాన్ని గుర్తించి వివరించారా, వదిలేశారా అన్నది కూడా చూడండి. గుడ్‌ఎనఫ్ బృందం 1997లో ఈ ఫాస్ఫేట్‌ను ప్రకటించినప్పుడు లిథియంలో సుమారు 60 శాతాన్నే బయటకు తీయగలిగామని పత్రంలోనే స్పష్టంగా రాసింది. ఆ లోటు కళ్లెదుట ఉండబట్టే తరువాతివారు రేణువులను చిన్నవిచేసి, కార్బన్ పూత వేసి దాన్ని తీర్చారు. నేడు విద్యుత్ బస్సులలో విస్తారంగా వాడుతున్నది ఆ పదార్థాన్నే.

జవాబు: బ్యాటరీ పరిశ్రమ ఉద్యోగి, రేణిగుంట

ఫ్యాక్టరీ వైపు నుంచి ఒక మాట. గ్రాముకు ఇన్ని మిల్లీఆంపియర్ అవర్ల సామర్థ్యం అని గొప్పగా చూపే పత్రాలు చాలా వస్తాయి, అయితే రేకు మీద పదార్థాన్ని ఎంత మందంగా పూశారో, ఎన్ని వందల ఛార్జ్-డిశ్చార్జ్ సైకిళ్లు నిలిచిందో చెప్పేవి తక్కువ. ఆ రెండూ రాసే గైడ్ దగ్గర నేర్చుకున్నవారికి మా రంగంలో విలువ ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఇద్దరి శిష్యుల థీసిస్‌లూ శోధగంగ అనే ఆన్‌లైన్ థీసిస్ భాండాగారంలో దొరికాయి. ప్రయోగ విధానం అధ్యాయాలు చదవడం మొదలుపెట్టాను. థీసిస్ తరువాత ఆ విద్యార్థులు ఎక్కడ స్థిరపడ్డారో గైడ్‌లనే నేరుగా అడగవచ్చా, లేక అది అమర్యాద అవుతుందా?

జవాబు: విశ్రాంత కెమిస్ట్రీ అధ్యాపకుడు, చిత్తూరు

నిస్సంకోచంగా అడగండమ్మా. మంచి గైడ్‌కు శిష్యుల గురించి చెప్పడమంటే ఇష్టమే. వీలైతే ల్యాబ్‌లో ప్రస్తుతం ఉన్న స్కాలర్లతో విడిగా మాట్లాడి, ఒక్కో ఫర్నేస్‌ను ఎంతమంది పంచుకుంటున్నారో, శాంపిల్ ఎక్స్‌ఆర్‌డీకి పంపితే ఎన్నాళ్లకు ఫలితం వస్తుందో కూడా తెలుసుకోండి.