కారులో వైర్‌లెస్ సెట్‌కి కరెంటు ఎక్కడి నుంచి తీసుకున్నారు?

గోదారిగట్టు:
హ్యామ్ (సరదాకి వైర్‌లెస్‌లో మాట్లాడుకునేవాళ్ల) లైసెన్సు వచ్చి ఆరు నెలలైంది, ఈమధ్యే 50 వాట్ల వీహెచ్ఎఫ్ వైర్‌లెస్ సెట్ కారులో బిగించాను. కరెంటు ఛార్జింగ్ సాకెట్ నుంచే. వినడానికి బాగానే ఉంది గానీ పీటీటీ (మైకు మీద మాట్లాడే బటన్) నొక్కి ఫుల్ పవర్‌లో మాట్లాడితే ఆగిపోయి మళ్లీ ఆన్ అవుతోంది. నిన్న ప్లగ్గు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. బ్యాటరీ దాకా వైరు లాగాల్సిందేనా?

పాతవైరు:
లాగాల్సిందే తమ్ముడూ. మాట్లాడేటప్పుడు ఆ సెట్ 10 ఆంపియర్ల పైనే లాగుతుంది, సాకెట్ ఫ్యూజు చాలా కార్లలో 10 లేదా 15, వెనక వైరేమో సన్నం. ఫ్యూజు పోతోందని పెద్దది వేస్తావేమో, ఆ పని మాత్రం వద్దు, ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు తీసుకో. 5 మీటర్ల దూరమంటే పోనూ రానూ 10 మీటర్లు, అర వోల్టు దాకా పోతుంది. అదే 1 స్క్వేర్ అయితే పోయేది దాదాపు రెండు వోల్టులు! ఇంజిన్ ఆపితే బ్యాటరీలో ఉండేదే 12.6, ఇక సెట్‌కి మిగిలేదెంత?

కొండదారి:
ఫ్యూజు ఎక్కడ పెడతారో చూసుకోండి. నాది సెట్ పక్కనే పెట్టారు. ఇంజిన్ వైపు నుంచి లోపలికి వైరు వచ్చే కన్నానికి రబ్బరు గ్రోమెట్ (వైరు కోసుకోకుండా కన్నం అంచుకి వేసే రింగు) వెయ్యలేదు, రేకు అంచు రాసుకుని రాసుకుని ఇన్సులేషన్ తెగింది, అరకు ఘాట్‌లో డాష్‌బోర్డు కింద నుంచి పొగ. అంత జరిగినా ఫ్యూజు నిక్షేపంగా ఉంది, షార్ట్ అయింది దానికి ముందే కదా. పాజిటివ్ ఫ్యూజు బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి.

గోదారిగట్టు:
బాబోయ్. నెగటివ్ కూడా బ్యాటరీకేనా అండీ? మా ఆటో ఎలక్ట్రీషియన్ బాడీకి ఇచ్చేస్తే చాలంటున్నాడు.

పాతవైరు:
రెండూ బ్యాటరీకే, రెండింటికీ ఫ్యూజు, నేను పాతికేళ్లుగా అలాగే చేస్తున్నా. ఇంజిన్‌ని బ్యాటరీ నెగటివ్‌కి కలిపే ఎర్త్ పట్టీ వదులైందనుకో, సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ కరెంటంతా నీ సెట్ నెగటివ్ వైరులోంచి వెనక్కి రావాలని చూస్తుంది.

లారీబాబాయ్:
అన్నా, అది పాత బళ్లకి. ఇప్పటి స్టార్ట్-స్టాప్ కార్లలో (సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనే ఆగి మళ్లీ స్టార్టయ్యేవి) నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది, దాన్ని దాటేసి నేరుగా టెర్మినల్‌కి ఇస్తే బ్యాటరీలోంచి ఎంత పోతోందో బండికి లెక్క తెలియదు. బ్యాటరీ నెగటివ్ కేబుల్ బాడీకి బిగించిన బోల్టు దగ్గరే ఇవ్వాలి, పెయింటు గీకి, వైరు చివర లగ్గు (బోల్టు కింద బిగించే రింగు) వేసి. లారీలున్నవాళ్లకి ఇంకో మాట: 24 వోల్టుల బండిలో ఉండే రెండు బ్యాటరీల్లో ఒక్కదాని నుంచే 12 తీస్తే ఆ రెండూ సరిగ్గా ఛార్జ్ కావు, త్వరగా పోతాయి. 24ని 12 చేసే కన్వర్టర్ పెట్టుకోండి.

పాతవైరు:
సెన్సర్ సంగతి ఒప్పుకుంటా. మా బండికి లేదు మరి.

గోదారిగట్టు:
పని అయింది. సెన్సర్ ఉంది, అందుకే బాడీ బోల్టుకే ఇచ్చాం. పీటీటీ నొక్కితే సెట్ దగ్గర 13.4 చూపిస్తోంది, ఆగడం లేదు. కాకపోతే సెట్ ఆన్‌లో వదిలేసి మూడు రోజులు ఊరెళ్లా, తిరిగొచ్చి తాళం తిప్పితే టక్ టక్ తప్ప సెల్ఫ్ తిరగలేదు.

కొండదారి:
ఊరికే వింటూ ఉన్నా అర ఆంపియరు పోతుంది సార్, మూడు రోజులకి 36 ఆంపియర్-అవర్లు. చిన్న కారు బ్యాటరీలో ఉండేదే అంత. ఇగ్నిషన్‌తో పనిచేసే రిలే (తాళం ఆపితే సెట్‌కి కరెంటు ఆపే స్విచ్చు) వేయించండి, 40 ఆంపియర్లది.