స్కూల్ బ్యాండ్ పోటీల్లో చప్పట్లు ఎప్పుడు కొట్టాలి? పేరెంట్స్‌కి ఏం చెప్పాలి?

కార్ఖానా_పేరెంట్

వచ్చే నెల సికింద్రాబాద్‌లో స్కూళ్ల మధ్య బ్యాండ్ పోటీ ఉంది. బ్రాస్, పైప్ రెండు రకాల బ్యాండ్లూ వస్తున్నాయి. పేరెంట్స్ గ్రూపులో పెట్టడానికీ, ఆ రోజు మైకులో చదవడానికీ నాలుగు మాటలు రాసే పని నాకు పడింది. తెలిసినవాళ్లు చెప్పండి.

పిల్లలు వాయిస్తూ నడుస్తుంటే తాళానికి చప్పట్లు కొట్టడం వాళ్లకు ఉత్సాహమా, ఇబ్బందా? విజిల్స్ అసలు వద్దని పీఈటీ సార్ పట్టుబడుతున్నారు, కారణం ఏమై ఉంటుంది? బ్యాండ్ జాతీయ గీతం వాయించేటప్పుడు ఏ క్షణాన లేవాలి, అయ్యాక చప్పట్లు కొట్టొచ్చా? గ్యాలరీకీ బ్యాండ్ నడిచే దారికీ మధ్య ఓ 60 మీటర్లు ఉంటుంది.

బేస్‌డ్రమ్_వెనక

ఆ 60 మీటర్ల దగ్గరే ఉంది అసలు సమస్య. మన ఎండలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. అంటే బేస్ డ్రమ్ (అన్నిటికంటే పెద్ద డ్రమ్) దెబ్బ గ్యాలరీకి చేరేసరికి 0.17 సెకను. దాన్ని విని జనం కొట్టిన చప్పట్లు తిరిగి బ్యాండ్‌కి చేరడానికి ఇంకో 0.17. క్విక్ మార్చ్ (మామూలు కవాతు నడక) నిమిషానికి 120 అడుగులు, అడుగుకి అర సెకను. కాబట్టి మీరు ఎంత కచ్చితంగా తాళం వేసినా, అది పిల్లల చెవికి రెండు అడుగుల మధ్యలో, ఎక్కడా అతకని చోట పడుతుంది. మీకు మాత్రం అక్కడ కూర్చుంటే అంతా కలిసినట్టే వినిపిస్తుంది. అందుకే ఈ సంగతి ఎవరికీ తట్టదు.

పైగా గ్యాలరీ ఈ చివర వాళ్లకూ ఆ చివర వాళ్లకూ దూరం వేరు. రెండు వైపుల చప్పట్లు వాటిలో వాటికే కలవవు. ఇంకోటి, గుంపుగా కొట్టే చప్పట్లు నిమిషంలోపే వేగం పెంచుకుంటాయి. కొత్తగా నేర్చుకున్న సైడ్ డ్రమ్ పిల్లలు ఆ వేగానికి లొంగిపోతారు. ముందు వరుస ట్రంపెట్లు డ్రమ్ మేజర్ (బ్యాండ్ ముందు నడిచి నడిపించే లీడర్) అడుగు చూసి వాయిస్తుంటాయి, వెనక డ్రమ్ములు జనంతో పరుగెడతాయి, మధ్యలో క్లారినెట్ల వాళ్లు కాలు మార్చుకుంటారు. జడ్జీలు చూసేదీ కాళ్లనే.

కాబట్టి నడుస్తున్నప్పుడు తాళం వద్దు. బ్యాండ్ మైదానంలోకి వచ్చేటప్పుడు, ఒక్కో ట్యూన్ అయిపోయాక, చివర బయటికి వెళ్లేటప్పుడు ఎంత కొట్టినా మంచిదే. బయటికి వెళ్లేటప్పుడు ఆఖరి వరుస గీత దాటేదాకా ఆపకండి. మామూలుగా మొదటి వరుస దాటగానే ఆగిపోతాయి, వెనక సింబల్స్ (ఇత్తడి పళ్లేలు) పట్టుకున్న పిల్లలకు ఏమీ మిగలదు.

ట్యూన్ అయిపోయిందో లేదో తెలియక కొందరు మధ్యలోనే మొదలుపెడతారు. మేస్ చూడండి, అంటే డ్రమ్ మేజర్ చేతిలోని పొడవాటి కర్ర. ముగింపు దగ్గరికి రాగానే డ్రమ్ మేజర్ దాన్ని పైకెత్తి నిలబెడతాడు, బేస్ డ్రమ్ వెంటవెంటనే రెండు దెబ్బలు వేస్తుంది. ఆ తర్వాత వాయింపు ఆగితే అయిపోయినట్టు. మేస్ పైకి లేవకుండా ఉన్నట్టుండి నిశ్శబ్దం వస్తే అది ట్యూన్‌లో ఖాళీ మాత్రమే.

తిరుమలగిరి_డ్రిల్

విజిల్ విషయంలో మీ పీఈటీ సార్ మాటే కరెక్టండీ. చాలా స్కూల్ బ్యాండ్లలో మలుపుకీ, ఫార్మేషన్ మార్చడానికీ సంకేతం విజిలే. గ్యాలరీలోంచి ఒక విజిల్ పడితే ఎడమ ఫైలు (ఒకరి వెనక ఒకరు నడిచే వరుస) తిరిగిపోతుంది, కుడి ఫైలు తిన్నగా పోతుంది. మధ్యలో ఉన్న ఇన్‌స్ట్రక్టర్ చేసేదేమీ ఉండదు.

కమాండ్‌ల దగ్గర కూడా నిశ్శబ్దం కావాలి. వందనం వేదిక ముందు 'దహినే దేఖ్' (కుడివైపు చూడు) అన్నప్పుడు జనం గోల చేస్తే వెనక వరుసలకు వినపడదు, సగం తలలు తిరుగుతాయి, సగం తిరగవు. 'సామ్నే దేఖ్' (ముందుకు చూడు) అయ్యాక కొట్టండి. పైప్ బ్యాండ్‌కి ఇంకా జాగ్రత్త. 'తేజ్ చల్' (క్విక్ మార్చ్) అనగానే మూడేసి అడుగుల నిడివి డ్రమ్ రోల్ (డ్రమ్ మీద ఆగకుండా మోగించే దరువు) రెండుసార్లు వస్తుంది. ఆ నాలుగైదు సెకన్లలోనే పైప్ గాలి సంచిని నొక్కి డ్రోన్లు (ఒకే శ్రుతిలో మోగే గొట్టాలు) పలికించి, అందరూ ఒకేసారి ట్యూన్ అందుకోవాలి. అలా కలిసి మొదలుపెట్టడానికి జడ్జీలు బాగా విలువిస్తారు. కమాండ్ వినగానే చప్పట్లు మొదలెడితే పిల్లలకు ఒకరి పైప్ ఒకరికి వినపడదు.

పేర్లు పెట్టి పిలవకండి. 'చిన్నూ, ఇటు చూడు' అంటే వాడు చూడకూడదు, చూస్తే మార్కు పోతుంది, చూడకపోతే ఇంటికొచ్చాక మీరు అలుగుతారు! డ్రమ్ పుల్ల జారినా టోపీ పడినా 'అయ్యో' అనకండి, నవ్వకండి. వంగి తీసుకోకుండా ముందుకు పోవడమే వాళ్లకు నేర్పింది. ఫోన్ పట్టుకుని సున్నం గీత దాటి రావడం అన్నిటికంటే ప్రమాదం, ముఖ్యంగా బ్యాండ్ తిరిగే మూలల్లో. అక్కడ బయటి ఫైలు పెద్ద అడుగులేస్తూ వెడల్పుగా వస్తుంది, ట్రాంబోన్ కడ్డీ ముందుకు చాస్తుంది. ఎదురుగా మనిషి నిలబడితే ఆ పిల్లవాడికి తప్పుకునే చోటుండదు.

తీన్మార్_బోరబండ

అన్నా, ఇదంతా చదువుతుంటే పరీక్ష హాల్ లెక్కనే ఉంది. మన దగ్గర మర్ఫా అయినా తీన్మార్ అయినా సప్పట్లు, విజిల్స్ లేకుంటే కొట్టేటోనికే చేతులాడయి. అమెరికాల డ్రమ్ కోర్ (మైదానంల నడుస్తూ షో చేసే బ్యాండ్లు) వీడియోలు చూడుండ్రి, షో నడుమల్నే జనం లేచి అరుస్తరు. పోరగాళ్లకు ఆ హుషారు వద్దా?

బేస్‌డ్రమ్_వెనక

వద్దని కాదన్నా. తీన్మార్‌లో కొట్టేవాళ్ల చుట్టూనే జనం ఉంటరు, మూడు నాలుగు మీటర్ల దూరం. అక్కడ ఆలస్యమే లేదు, పైగా వేగం పెరగడమే అందం. ఇక్కడ వేగం పెరిగితే అడుగు పోతుంది. ఆ డ్రమ్ కోర్ జనం కూడా ఎక్కువగా అరిచేది పెద్ద స్వరం కొట్టిన చోటే, తక్కువ స్థాయిలో వాయించే చోట ఊరుకుంటారు. ఆ పిల్లలు కూడా వేసవంతా అదే షో సాధన చేసినవాళ్లు, సులువుగా చెదరరు.

నీ హుషారుకీ దారి ఉంది. బ్యాండ్ నిలబడి వాయించే డిస్‌ప్లే భాగం ఉంటే, గ్యాలరీకి ఎదురుగా 15 మీటర్లలోపు నిలబెట్టమనండి. రానూపోనూ ఆలస్యం 0.09 సెకనుకు దిగుతుంది. అప్పుడు అనౌన్సర్ ఎదురుగా నిలబడి చేతులెత్తి తాళం చూపిస్తే జనం కొట్టొచ్చు, చేయి దించగానే ఆపాలి. బ్యాండ్ మాస్టర్‌ని ముందే అడిగి, ఒప్పుకున్న టీమ్‌కే ఇది చేయండి.

కార్ఖానా_పేరెంట్

చాలా సాయం చేశారు. ఇలా రాశాను, చూడండి:

"బ్యాండ్ లోపలికి వచ్చేటప్పుడు, ట్యూన్ అయ్యాక, బయటికి వెళ్లేటప్పుడు గట్టిగా చప్పట్లు కొట్టండి, ఏ స్కూల్ అయినా సరే. నడుస్తూ వాయించేటప్పుడు తాళం వేయొద్దు. విజిల్స్, హారన్లు, పేర్లు పెట్టి పిలవడం వద్దు. గీత దాటొద్దు. ఒక టీమ్ వాయిస్తుండగా మెట్ల మీద తిరగొద్దు. జాతీయ గీతం మొదలవగానే లేచి నిలబడండి."

తిరుమలగిరి_డ్రిల్

ఆఖరి వాక్యం ఒక్కటి మార్చండి. బ్యాండ్ వాయించే జాతీయ గీతానికి ముందు డ్రమ్ రోల్ ఉంటుంది. హోం శాఖ ఉత్తర్వుల ప్రకారం స్లో మార్చ్‌లో 7 అడుగుల నిడివి, మెల్లగా మొదలై గట్టిగా పెరిగి మళ్లీ తగ్గుతుంది, ఒక దెబ్బ విరామం తర్వాత గీతం. కాబట్టి 'డ్రమ్ రోల్ వినగానే లేవండి' అని రాయండి. అప్పుడు గీతం మొదలయ్యేసరికి కుర్చీల చప్పుడు అణిగిపోతుంది. పూర్తి గీతం సుమారు 52 సెకన్లు, కదలకుండా సావధాన్‌లో ఉండాలి. తర్వాత చప్పట్లు కొట్టే ఆనవాయితీ లేదు. అనౌన్సర్‌ని రెండు మూడు సెకన్లు ఆగి 'కూర్చోండి' అనమనండి, లేకపోతే ఎవరో ఒకరు కొట్టేస్తారు, మిగతా గ్యాలరీ అందుకుంటుంది.

మార్చ్‌లో జాతీయ జెండా ఉంటే ఇంకో వాక్యం చేర్చండి: జెండా మన ముందు నుంచి పోతున్నప్పుడు దానివైపు తిరిగి లేచి నిలబడాలి. అదయ్యాక వెనక వచ్చే బ్యాండ్‌కి చప్పట్లు.