ట్యాంక్ లోపలి గొట్టానికి ఆర్9 చాలదా?

కోనసీమ_కె75: న్యూజెర్సీలో ఉంటాను. నా బండి 1992 బీఎండబ్ల్యూ కె75. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా: దీనికి పెట్రోల్ పంపు, ఫిల్టర్ రెండూ ట్యాంక్ లోపలే ఉంటాయి. వాటికి వేసే రబ్బరు గొట్టాలు కూడా పెట్రోల్‌లో మునిగే ఉంటాయి. రెండేళ్ళ కిందట వాటిని నేనే మార్చాను. ఆటో పార్ట్స్ షాపులో దొరికే ఆర్9 రకం గొట్టం వేశాను. అది ఫ్యూయల్ ఇంజెక్షన్ కోసమే చేసిన గొట్టం. నిన్న ఇక్కడే ఒకరు "ట్యాంక్ లోపల ఆర్10 (పెట్రోల్‌లో మునిగి ఉండడానికి చేసిన గొట్టం) తప్ప ఏది వేసినా తప్పే" అని రాశారు. ఆర్10 అడుగు కొనే డబ్బుకి ఆర్9 ఎన్ని అడుగులు వస్తుందో చూడండి. నా బండి బ్రహ్మాండంగా నడుస్తోంది. ఊరికే భయపెడుతున్నారని నా అభిప్రాయం.

ఓరుగల్లు_బ్రిక్: రాసింది నేనే. ఆర్9లో పెట్రోల్‌ను తట్టుకునేది లోపలి పొర. పై పొర ఇంజిన్ పక్కన వేడికీ గాలికీ ఆగడానికి చేసింది, రాత్రింబవళ్ళు పెట్రోల్‌లో నానడానికి కాదు. నానితే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చివరికి చీలుతుంది. ఆర్10కి లోపలా బయటా తట్టుకునే రబ్బరే. అందుకే ఆ ధర.

కోనసీమ_కె75: ఆర్9 వంద పీఎస్‌ఐ ప్రెషర్ దాకా తట్టుకుంటుంది. మన బండిలో ఉండేది 36. దాదాపు మూడు రెట్లు ఎక్కువ. ఇంకేం కావాలి?

ఓరుగల్లు_బ్రిక్: ప్రెషర్ గురించి నేనొక్క మాటైనా అన్నానా? నానడం గురించి అన్నాను.

హూస్టన్_గ్యారేజ్: అదంతా సరే, గొట్టం చివర బిగించే పట్టీలు, అదే క్లాంప్‌లు, ఏవి వేశారు? గాట్లున్న స్క్రూ క్లాంప్ అయితే బిగించిన కొద్దీ రబ్బరును కోసేస్తుంది. అంచులు గుండ్రంగా ఉండే ఇంజెక్షన్ క్లాంపే వేయాలి.

కొత్తరైడర్: పెట్రోల్ మధ్యలో కరెంటు పంపా? పేలదా అండీ?

హూస్టన్_గ్యారేజ్: మండాలంటే గాలి తగుపాళ్ళలో కలవాలి. ట్యాంక్ లోపల ఆవిరి మామూలుగా మరీ చిక్కగా ఉంటుంది, అంటుకోదు. మూత తెరిచి పని చేసేటప్పుడే జాగ్రత్త: ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. క్లాంప్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

కోనసీమ_కె75: స్క్రూ క్లాంపే. అదీ బాగానే ఉంది. రెండేళ్ళలో ఒక్క చుక్క కారలేదు.

ఓరుగల్లు_బ్రిక్: కారినా మీకు కనిపించదు. గొట్టం ట్యాంక్ లోపల చీలితే పెట్రోల్ పోయేది మళ్ళీ ట్యాంక్‌లోకే. బయట చుక్క పడదు, వాసన రాదు.

నాకు జరిగింది చెబుతాను. నా కె75 ఒకాయన దగ్గర కొన్నాను. "గొట్టాలన్నీ కొత్తవే" అన్నాడు. ఆగస్టులో ఒక రాత్రి హైవే మీద ఎత్తు ఎక్కుతున్నాం, వెనక మా అమ్మాయి. థ్రాటిల్ తిప్పుతున్నా బండి లాగడం లేదు, ఇంకా తిప్పితే గింజుకుంటోంది. వెనక ట్రక్కు హారన్. ఎలాగో పక్కకి తీసి ఆపాను. నిలబెట్టి చూస్తే ఐడిల్ చక్కగా ఉంది! స్పార్క్ ప్లగ్‌లు మార్చాను, ఇంజెక్టర్లు శుభ్రం చేయించాను, రెండు వారాలు పోయాయి. చివరికి ట్యాంక్ ఖాళీ చేసి పంపు బయటకి తీస్తే, గొట్టానికి క్లాంప్ దగ్గర అంగుళం పొడవు చీలిక. గోటితో గీస్తే పై రబ్బరు నల్లటి ముద్దలా గోటి కిందికి వచ్చింది. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు మిగిలిన ప్రెషర్ సరిపోయింది, ఎత్తులో సరిపోలేదు. అంతే తేడా. ఆ గొట్టం మీద అక్షరాలు ఇంకా చెరగలేదు. ఆర్9.

హూస్టన్_గ్యారేజ్: క్లాంప్ దగ్గర చీలిందంటే మరి తప్పు క్లాంప్‌ది!

కోనసీమ_కె75: ఒక్క గొట్టం చీలితే అన్నీ చీలుతాయా? మీకు బండి అమ్మినవాడి మీద కోపం నా మీద తీర్చుకుంటున్నారు. నేను మాస్టర్స్ చదువుతూ, క్యాంపస్ కెఫెటీరియాలో గిన్నెలు కడిగి దాచుకున్న డబ్బుతో ఈ బండి కొన్నాను. ఇక్కడికొచ్చి ఏది అడిగినా అది కొను, ఇది కొను, లేకపోతే బండి ముట్టుకోకు అంటారు. పాత బండి డబ్బున్నవాళ్ళకేనా? ఎలాగూ ఏప్రిల్‌లో అమ్మేస్తున్నా. అప్పటిదాకా ఈ గొట్టం చాలు.

ఓరుగల్లు_బ్రిక్: అమ్మేస్తున్నారా?

కోనసీమ_కె75: అవును. అయితే?

ఓరుగల్లు_బ్రిక్: కొనేవాళ్ళకి ఏం చెబుతారు?

కోనసీమ_కె75: గొట్టాలు మార్చానని చెబుతాను. అబద్ధం కాదుగా.

ఓరుగల్లు_బ్రిక్: నాకు అమ్మినాయన చెప్పిందీ అబద్ధం కాదు. అదే నా బాధ. మీ బండి మీద మీరు ఏ గొట్టమైనా వేసుకోండి, అది మీ ఇష్టం, మీకు తెలిసి ఎక్కుతున్నారు. డబ్బు గురించి నేను కటువుగా మాట్లాడి ఉంటే క్షమించండి, నేనూ అలా చదువుకున్నవాడినే. కానీ మూత తెరిచి చూస్తే ఆ గొట్టం అందరికీ ఒకేలా కనిపిస్తుంది. కొన్నవాడు తన పిల్లను ఎక్కించుకుంటాడు.

గోదారి_గట్టు: మీ ఇద్దరూ గొట్టం గురించి మాట్లాడుతున్నారనే అనుకున్నాను ఇంతసేపూ.

హూస్టన్_గ్యారేజ్: ఒక సంగతి. పంపును పట్టుకునే రబ్బరు రింగు కూడా చూడండి. పాతబడితే తారులా కరిగి పంపు కింది జాలీకి అంటుకుంటుంది. దానికీ బండి ఇలాగే లాగదు.

కోనసీమ_కె75: ఆర్9 పనికిరాదని నేనింకా ఒప్పుకోవడం లేదు. కానీ అమ్మేటప్పుడు "మార్చాను" అని మాత్రమే రాయను, ఏ గొట్టం వేశానో, ఎప్పుడు వేశానో రాస్తాను. ఆదివారం ట్యాంక్ తెరుస్తాను, ఫొటోలు ఇక్కడే పెడతాను. బాగుంటే మీరు కూడా ఆ మాట ఒప్పుకోవాలి.

ఓరుగల్లు_బ్రిక్: బాగుంటే తప్పకుండా ఒప్పుకుంటాను. పైనుంచి చూసి వదిలేయకండి. బయటకి తీసి, క్లాంప్ దగ్గర వంచి చూడండి. నా దగ్గర ఆర్10 అడుగున్నర మిగిలి ఉంది. చిరునామా మెసేజ్ చేస్తే పంపిస్తాను, డబ్బు వద్దు.

హూస్టన్_గ్యారేజ్: క్లాంప్‌లు నేను పంపుతాను.