వారం మధ్య సాయంత్రం తెరచాప పడవల రేసులు: స్టార్ట్ దగ్గరే వెనకబడుతున్నాం, కొత్తవాళ్లకి ఏ పని ఇవ్వాలి?

తెరచాప24:
మాది 24 అడుగుల కీల్‌బోట్ (అడుగున బరువైన రెక్క ఉన్న తెరచాప పడవ), నలుగురం. క్లబ్‌లో వారానికో సాయంత్రం జరిగే సరదా రేసులకి వెళ్తున్నాం. ఇబ్బందులు రెండు. కౌంట్‌డౌన్ సున్నా పడేసరికి స్టార్ట్ లైన్‌కి ఇంకా 20, 30 సెకన్ల దూరంలో ఉంటున్నాం, ముందే వెళ్తే లైన్ దాటేస్తామని భయం. రెండోది, నలుగురిలో ఒకరో ఇద్దరో ఎప్పుడూ కొత్తవాళ్లే. ఊరికే కూర్చోబెట్టడం ఇష్టం లేదు, జిబ్ షీట్ (ముందు తెరచాపని లాగే తాడు) ఇస్తే వించ్ (తాడు చుట్టి బిగించే డ్రమ్) మీద చిక్కు పడుతోంది. కాస్త వివరంగా చెప్పండి.

చుక్కాని:
స్టార్ట్ సంగతి చెబుతాను. తెరచాప పందేల అంతర్జాతీయ నియమాల్లో రూల్ 26 ప్రకారం 5 నిమిషాలు ఉందనగా క్లాస్ జెండా (మీ తరగతి పడవలది) ఎక్కుతుంది, 4 ఉందనగా ప్రిపరేటరీ జెండా (మామూలుగా పి) ఎక్కుతుంది, 1 నిమిషం ఉందనగా పి దిగుతుంది, సున్నాకి క్లాస్ జెండా దిగుతుంది. టైమర్ నొక్కాల్సింది జెండా కదలగానే. హారన్ మోగకపోయినా జెండాయే లెక్క. మీ క్లబ్ వేరే వరస వాడుతుందేమో, సెయిలింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ (రేసుకి క్లబ్ ఇచ్చే నియమాల పత్రం) ముందే చదువుకోండి.

లైన్ మధ్యలో పడవని నేరుగా గాలికెదురు నిలపండి. ముక్కు ఏ చివర వైపు వాలితే ఆ చివర గాలికి దగ్గర. 100 మీటర్ల లైన్ 10 డిగ్రీలు వాలి ఉంటే ఆ చివర 17 మీటర్లు ముందున్నట్టు. అయినా కమిటీ బోట్ (లైన్‌కి ఒక చివర నిలిచే, రేసు నడిపేవాళ్ల పడవ) చివర అందరూ మూగితే మీరు అటు పోకండి. గాలి వచ్చే పక్కనుంచి సందులోకి దూరాలని చూసినవాళ్లకి అక్కడ చోటు ఇవ్వాల్సిన అవసరం ఎవరికీ లేదు. గుద్దుకుంటే తప్పు మీదే. మొదట్లో లైన్ మధ్యలో, ఖాళీ గాలిలో బయల్దేరడమే మేలు.

ఆలస్యానికి మందు సమయం లెక్క. లైన్ నుంచి వెనక్కి బయల్దేరినప్పుడు ఎంత మిగిలిందో చూసి, తిరగడానికి పట్టే సమయం కలిపి, సగం చేయండి. 120 సెకన్లు మిగిలి, తిరగడానికి 10 పడితే, 65 దగ్గర చుక్కాని తిప్పాలి. 55 వెళ్లడం, 10 తిరగడం, 55 రావడం. రాను పోను వేగం ఒకటే ఉంటేనే ఇది కుదురుతుంది. నీటి ప్రవాహం లైన్ వైపు తోస్తుంటే కాస్త ఆలస్యంగా, వెనక్కి లాగుతుంటే కాస్త ముందుగా తిరగండి.

దాటేస్తామన్న భయానికి ఒడ్డు గుర్తు పెట్టుకోండి. లైన్‌కి బయట, కమిటీ బోట్ అవతలనుంచి పిన్ (లైన్ రెండో చివరి గుర్తు) వైపు చూస్తే దాని వెనక ఒడ్డు మీద ఏ చెట్టో స్తంభమో కనిపిస్తుంది. స్టార్ట్‌లో పిన్, ఆ గుర్తు ఒకే వరసలోకి వస్తే మీ కన్ను లైన్ మీద ఉంది. కానీ పడవ ముక్కు మీ కన్ను కంటే 5 మీటర్ల పైనే ముందు ఉంటుంది, అది మరిచిపోతే దాటేసినట్టే. ఎక్స్ జెండా, ఒక హారన్ వస్తే పడవ మొత్తం లైన్ వెనక్కి వచ్చి మళ్లీ బయల్దేరాలి, తిరిగి వస్తున్నంతసేపూ మిగతావాళ్లకి దారి ఇస్తూ.

20 సెకన్లంటే 4 నాట్ల దగ్గర 40 మీటర్లు. దూరం కన్నా బాధ ఏంటంటే, ముందున్న తెరచాపలు చెదరగొట్టిన గాలిలోనే మొదటి మార్క్ (చుట్టి తిరగాల్సిన బోయా) దాకా ఈడ్చుకుపోవాలి.

నాలుగుచుట్లు:
వించ్ చిక్కు దాదాపు ఎప్పుడూ ఒకే కారణం అన్నా. బరువు పడకముందే నాలుగు చుట్లు వేస్తే, వదులుగా ఉన్న షీట్ లాగుతుంటే చుట్టు మీద చుట్టు ఎక్కుతుంది. సవ్యదిశలో రెండే చుట్లతో మొదలుపెట్టమనండి. జిబ్ ఖాళీగా ఉన్నప్పుడే రెండు చేతులా గబగబా లాగాలి, బరువు తెలిశాక మూడో చుట్టు, గాలి గట్టిగా ఉంటే నాలుగోది, ఆ తర్వాతే హ్యాండిల్. షీట్ డ్రమ్‌కి కాస్త కిందనుంచి రావాలి, పైనుంచి వస్తే ఎంత జాగ్రత్తపడ్డా చిక్కే. అప్పుడు లీడ్ బ్లాక్ (షీట్‌ని వించ్ వైపు మళ్లించే కప్పీ) మార్చాలి.

వదలడం కూడా నేర్పాలి. టాక్‌లో (ముక్కుని గాలికెదురుగా దాటించి పక్క మార్చేటప్పుడు) జిబ్ ముందు అంచు లోపలికి వంగడం మొదలవగానే చుట్లు పైకి ఎత్తి ఒక్కసారిగా విడిచేయాలి. ఆలస్యమైతే జిబ్ వెనకగాలి పట్టి ముక్కుని అటు పక్కకి ఎక్కువ తోసేస్తుంది, పడవ ఆగిపోతుంది. కాస్త సడలించాలంటే అరచేయి చుట్ల మీద ఆనించి తిప్పాలి, వేళ్లు డ్రమ్‌కీ తాడుకీ మధ్య పోనివ్వొద్దు. జిబ్ షీట్ చివర ఎనిమిది అంకె ఆకారపు ముడి ఉండాలి, స్పిన్నేకర్ (గాలివాటున వేసే పెద్ద తెరచాప) షీట్‌కి వద్దు.

మొదటి రెండు వారాలు కొత్తవాళ్లకి వించ్ ఇవ్వకండి. గడియారం, జెండాలు, పక్క పడవలు గమనించడం ఇవ్వండి. "గాలి వచ్చే పక్క పడవ, మూడు పడవ పొడవుల దూరం" అని చెప్పేవాళ్లు చుక్కాని పట్టినవాళ్లకి పెద్ద ఆసరా. బయల్దేరకముందే చెప్పాల్సినవి: బూమ్ (పెద్ద తెరచాప కింది అడ్డ కొయ్య) ఎత్తు చూపించి తల ఎక్కడ పెట్టాలో, లైఫ్ జాకెట్ బిగింపు, మరక పడని అడుగున్న బూట్లు. ఒడ్డు దగ్గరే పది టాక్‌లు చేయించి తర్వాత లైన్ దగ్గరకి వెళ్లండి.

తెరచాప24:
చాలా థాంక్స్. ఇంకో ప్రశ్న. మాకన్నా పెద్ద పడవలు ఎటూ ముందే చేరతాయి కదా, 30 సెకన్ల కోసం ఇంత కష్టపడటం దేనికి?

చుక్కాని:
హ్యాండిక్యాప్ ఉంది కాబట్టే. పీహెచ్‌ఆర్‌ఎఫ్ (పడవల వేగాన్ని బట్టి సమయం సర్దే హ్యాండిక్యాప్ పద్ధతి) రేటింగ్ అంటే నాటికల్ మైలుకి ఇన్ని సెకన్లని. మీది 180, ఎదుటివాళ్లది 150 అయితే, 4 మైళ్ల కోర్సులో వాళ్లు మీకు 120 సెకన్లు బాకీ. మీ 30 సెకన్లు అందులోంచే పోతున్నాయి. ఆఖరున ఫినిష్ అయిన పడవ కూడా ఈ పద్ధతిలో గెలవొచ్చు, మధ్యలో మానేయకండి.

గాలివాటు:
ఒక మాట కలుపుతాను. ఎండ తగ్గాక, ఒడ్డు చల్లబడ్డాక గాలి పడిపోతుంది. అప్పుడు మనుషులు ముందుకీ, గాలికి అవతలి పక్కకీ జరిగి పడవని కాస్త వంచి కదలకుండా కూర్చోవాలి. టాక్‌లు తగ్గించండి. ఎస్ జెండా, రెండు హారన్‌లు వస్తే కోర్సు కుదించారని అర్థం. సూర్యుడు మునిగితే ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, వెనక తెలుపు లైట్లు వెలగాలి.

మార్క్ తగిలితే పక్కకి వెళ్లి శిక్షగా పడవతో ఒక పూర్తి చుట్టు, మరో పడవకి దారి ఇవ్వకపోతే రెండు చుట్లు వెంటనే తిరిగేయండి, అక్కడితో గొడవ అయిపోతుంది. మీరే ప్రొటెస్ట్ (ఎదుటి పడవ నియమం తప్పిందని ఫిర్యాదు) చేయాలంటే ఆ మాట అప్పుడే గట్టిగా అనాలి, మీ పడవ 6 మీటర్లు దాటింది కాబట్టి ఎర్ర జెండా కూడా ఎత్తాలి. ఒడ్డుకి చేరాక ముందున్న పడవ వాళ్ల తాళ్లు అందుకుని, జిబ్ ఎంత బిగించారో అడగండి, దాచుకోకుండా చెబుతారు. మనుషులు తక్కువైన పడవకి మీ కొత్తవాళ్లలో ఒకరిని ఒక వారం పంపండి. మీరు కూడా సీజన్‌లో ఒకసారైనా కమిటీ బోట్ మీద జెండా డ్యూటీ తీసుకోండి. లైన్ పొడవునా చూస్తే ఎవరు ఎక్కడ, ఎన్ని సెకన్లు వెనకబడుతున్నారో అక్కడినుంచే స్పష్టంగా కనిపిస్తుంది.